దేశం కాని దేశంలో జీతాల లెక్క

ఈ శీర్షికకు మామూలుగా వచ్చేవి పనిచేసేవాళ్ల ఉత్తరాలు. జీతం ఆపారనో, పీఎఫ్ జమ కాలేదనో, పాస్‌పోర్టు ఇవ్వట్లేదనో రాస్తారు. ఈసారి యజమానులు రాశారు. షార్జాలో టిఫిన్ సెంటర్ పెట్టేవారు, మాదాపూర్‌లో కూర్చుని ఇంగ్లండ్‌లో మనిషిని పెట్టుకోవాలనుకునేవారు, న్యూజెర్సీ నుంచి హనుమకొండలో ఆఫీసు నడిపేవారు. గల్ఫ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ జీతాల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో అదే పని సొంతంగా చేసుకుంటున్నదాన్ని. అడిగి మొదలుపెట్టేవాళ్లంటే నాకు ఇష్టం. మొదలుపెట్టేసి, నోటీసు వచ్చాక ఫోన్ చేసేవాళ్లతోనే టెన్షన్.

అన్ని ఉత్తరాలకూ వర్తించే మాట ఒకటుంది. డబ్బు ఏ దేశం నుంచి వస్తోందన్నది కాదు, పనిచేసే మనిషి ఏ దేశంలో ఉండి పని చేస్తున్నారో ఆ దేశం చట్టమే నడుస్తుంది. మీరూ మీరూ మాట అనుకున్నా, స్టాంపు పేపరు మీద రాసుకున్నా అంతే.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. షార్జాలో చాలాకాలం డ్రైవర్‌గా చేసి ఇప్పుడు చిన్న టిఫిన్ సెంటర్ పెడుతున్నాను. ఊరి నుంచి నలుగురిని తెప్పించుకోవాలి, అందులో ఒకడు మా అక్క కొడుకు. నెలకు 1,800 దిర్హాములు ఇస్తాను. తిండి, గది కూడా నావే. వీసా ఖర్చులు జీతంలో నెలనెలా పట్టుకుంటానని అందరితో ముందే మాట అనుకున్నాం. పాస్‌పోర్టులు పోగొట్టుకుంటారని నా దగ్గరే ఉంచుకుందామనుకుంటున్నా. మేనల్లుడిని మాత్రం ముందు విజిట్ వీసా మీద పిలిచి పని నేర్పిద్దామని ఉంది. ఇందులో తప్పేమైనా ఉందా? జీతం లెక్క ఎలా రాసుకోవాలి?

జవాబు: చివర చెప్పిన మూడూ తప్పే. వీసా ఖర్చు పట్టుకోవద్దు, పాస్‌పోర్టులు ఉంచుకోవద్దు, విజిట్ వీసా మీద పనిలో పెట్టొద్దు.

మేనల్లుడి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అందులోనే పెద్ద దెబ్బ ఉంది. వర్క్ పర్మిట్ లేకుండా మనిషిని పనిలో పెట్టుకుంటే యజమానికి వేసే జరిమానాను 2024లో సవరించి 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా పెంచారు. పిల్లాడు పెనం దగ్గర నిలబడి ఉండగా ఇన్‌స్పెక్టరు వస్తే, ‘మా అక్క కొడుకండీ, సరదాగా నేర్చుకుంటున్నాడు’ అంటే ఎవరూ వినరు. మీ టిఫిన్ సెంటర్ పెట్టుబడి మొత్తం ఆ జరిమానాకు చాలకపోవచ్చు. వాడికి కూడా మిగతా ముగ్గురిలాగే ఆఫర్ లెటర్, పర్మిట్, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, అన్నీ వరసలో కావాలి. మేనమామ గనుక ప్రేమ చూపించాలంటే పనిలో చూపించండి, కాగితాల్లో వద్దు.

వీసా ఖర్చు విషయం. ఎమిరేట్స్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు ఇప్పుడున్నది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. మనిషిని తెప్పించుకోవడానికి, పర్మిట్‌కూ అయ్యే ఖర్చు యజమానిదేనని, దాన్ని నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ పనివాడి దగ్గర వసూలు చేయకూడదని అందులో ఉంది. ‘అందరం ఒప్పుకున్నాం’ అన్నది ఇక్కడ పనికిరాదు. పనివాడు మీ దగ్గర సొంత అవసరానికి అప్పు తీసుకుంటే అది వేరు. దానికి అతని రాతపూర్వక అంగీకారం ఉండాలి, వడ్డీ వేయకూడదు, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు.

పాస్‌పోర్టు ఎవరిది వారి దగ్గరే ఉండాలి. పోగొట్టుకుంటారన్న భయం నిజమే అయితే గదిలో తాళం వేసుకునే అల్మారా ఒక్కొక్కరికి ఒకటి పెట్టించండి, తాళం వాళ్ల చేతిలో పెట్టండి.

ఇటు ఇండియా వైపు కూడా ఒక మెట్టు ఉంది. మీరు తెప్పించే నలుగురిలో పదో తరగతి పాస్ కానివారు ఉంటే వారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవకు, అంటే ఉద్యోగానికి దేశం దాటే ముందు ప్రభుత్వ తనిఖీ కావలసిన కోవకు వస్తుంది. అలాంటి పాస్‌పోర్టు మీద ఉద్యోగానికి వెళ్లాలంటే 18 దేశాలకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ జాబితాలో ఎమిరేట్స్ ఉంది. యజమానిగా మీరు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి, లేదా లైసెన్స్ ఉన్న ఏజెంటు ద్వారా వెళ్లాలి. ఏజెంటు పనివాడి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా చేయిస్తారు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, 10 లక్షల బీమా. ఊళ్లో లక్షన్నర తీసుకుని ‘ఫ్రీ వీసా’ అనేవాడు మీ పేరు చెప్పి వసూలు చేస్తున్నాడేమో ఒకసారి వాకబు చేయండి. వచ్చినవాడు ఆ అప్పును తలచుకుంటూ మీ వంటింట్లో నిలబడతాడు, ఆ కోపం మీ మీద పడుతుంది.

ఇక జీతం లెక్క. 1,800 అని ఒకే అంకె రాయకండి. కాంట్రాక్టులో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అన్నది విడిగా ఉండాలి. బేసిక్ 1,200, అలవెన్సులు 600 అనుకుందాం. రోజుకు బేసిక్ 40 దిర్హాములు, ఎనిమిది గంటల లెక్కన గంటకు 5. వారానికి 48 గంటలు దాటి చేయించుకుంటే ఆ గంటకు కనీసం 25 శాతం ఎక్కువ, అంటే 6 దిర్హాముల 25 ఫిల్స్. అదనపు పని రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య పడితే 50 శాతం ఎక్కువ, అంటే ఏడున్నర. షిఫ్టుల మీద పనిచేసేవారికి ఆ రాత్రి రేటు వర్తించదు. రోజుకు రెండు గంటలకు మించి ఓవర్‌టైమ్ వద్దు. ఒకేసారి ఐదు గంటలకు మించి పని నడవకూడదు, మధ్యలో కనీసం గంట విరామం ఉండాలి. తెల్లారకముందే పిండి రుబ్బడం మొదలై రాత్రి ప్లేట్లు కడిగేదాకా ఒకడే ఉండే పద్ధతి మన టిఫిన్ సెంటర్లలో మామూలు. పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు అని ఇప్పుడే విడగొట్టుకోండి, నలుగురున్నారు కదా.

గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. ఏడాది నిండాక లెక్కలోకి వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు. మన ఉదాహరణలో ఏడాదికి 840, ఐదేళ్లకు 4,200. ఆరో ఏడు, ఏడో ఏడు 1,200 చొప్పున. ఏడేళ్లు చేసి వెళ్లేవాడికి 6,600 దిర్హాములు. చివర తీసుకుంటున్న బేసిక్ మీద లెక్క కడతారు కాబట్టి మధ్యలో జీతం పెంచితే పాత ఏళ్లకు కూడా పెరిగినట్టే. ఈ కారణంగానే బేసిక్ 600 రాసి అలవెన్సులు 1,200 రాసే ఓనర్లు ఉన్నారు. ఇద్దరూ సంతకం పెడితే అది కాంట్రాక్టే. కానీ ఏడేళ్లు మీ పొయ్యి దగ్గర మాడినవాడి చేతిలో 3,300 పెట్టి పంపిస్తే ఊళ్లో మీ అక్కయ్యకు ముఖం ఎలా చూపిస్తారో ఆలోచించుకోండి. నేనైతే బేసిక్ మూడింట రెండు వంతులకు తగ్గించను. నెలకు ఒక్కొక్కరి పేర 70 దిర్హాములు వేరే ఖాతాలో వేసుకుంటూ పోతే మీకు బరువు తెలియదు.

జీతం చేతికి నగదుగా ఇచ్చి పుస్తకంలో సంతకం తీసుకునే కాలం పోయింది. 2009 నుంచి డబ్ల్యూపీఎస్ (వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్) అని జీతాల చెల్లింపును ప్రభుత్వం గమనించే పద్ధతి ఉంది, బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ ద్వారానో జీతం వేయాలి. దానికోసం నెలనెలా పంపే జీతాల ఫైలు నేను తయారుచేసినదే కాబట్టి చెబుతున్నా. ఒక్కో మనిషికి ఒక్కో లైను. ముందు లేబర్ కార్డు మీది 14 అంకెల నంబరు, తర్వాత ఏ బ్యాంకు లేదా ఎక్స్ఛేంజ్, ఖాతా నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని రోజులు, స్థిరమైన జీతం ఎంత, మారే భాగం ఎంత, జీతం లేని సెలవు ఎన్ని రోజులు. అంతే. ఓవర్‌టైమ్ ‘మారే భాగం’లోకి పోతుంది. 14 అంకెల్లో ఒకటి అటూ ఇటూ అయితే ఆ లైను వెనక్కి వస్తుంది, ఆ మనిషి జీతం ఆగుతుంది. మొదటి మూడు నెలలు కార్డు పక్కన పెట్టుకుని చేత్తో సరిచూసుకోండి. కాంట్రాక్టులో 1,800 ఉండి మీరు 1,500 పంపితే మంత్రిత్వ శాఖకు తెలిసిపోతుంది, ఎవరూ ఫిర్యాదు చేయనక్కర్లేదు. ఆలస్యం సాగితే కొత్త వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి.

మిగతావి చకచకా చెప్పేస్తా. ఏడాది నిండాక 30 రోజుల జీతంతో సెలవు. వారానికి కనీసం ఒక రోజు విశ్రాంతి. ప్రొబేషన్ ఆరు నెలలకు మించదు, ఆ లోపల తీసేయాలన్నా 14 రోజుల ముందు రాతలో చెప్పాలి. ప్రొబేషన్ తర్వాత ఏడాదికి 90 రోజుల దాకా అనారోగ్య సెలవు, అందులో మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 30కి సగం, మిగతా 45కి ఏమీ లేదు. 2025 జనవరి నుంచి షార్జాలో కూడా ఆరోగ్య బీమా లేకుండా రెసిడెన్సీ ఇవ్వరు, అది యజమాని ఖర్చు. ఉద్యోగం పోతే ఆదుకునే బీమా మాత్రం పనివాడే కట్టుకోవాలి, బేసిక్ 16,000 లోపు వారికి నెలకు 5 దిర్హాములు. కట్టకపోతే వాడికి 400 దిర్హాముల జరిమానా పడుతుంది, అందుకని చేరిన వారంలోనే పక్కన కూర్చోబెట్టుకుని కట్టించండి. పని మానేసిన రోజు నుంచి 14 రోజుల్లో లెక్క మొత్తం తేల్చాలి.

ప్రశ్న: మాదాపూర్‌లో మాది 30 మంది సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేసి గ్రాడ్యుయేట్ వీసా మీద రీడింగ్‌లో ఉన్న విజయవాడ అమ్మాయిని అక్కడి క్లయింట్ల కోసం పెట్టుకోవాలనుకుంటున్నాం. ఏడాదికి 36,000 పౌండ్లు. ఇక్కడి పేరోల్‌లోనే వేసి రూపాయల్లో ఇస్తే కుదరదా? లేదంటే కన్సల్టెంట్ అని నెలనెలా ఇన్‌వాయిస్ తీసుకుంటే? మా ఆడిటర్ గారు రెండూ ఓకే అంటున్నారు.

జవాబు: ఆడిటర్ గారు ఇండియా వైపు నుంచి చూసి చెప్పి ఉంటారు. ఆ అమ్మాయి రీడింగ్‌లో కూర్చుని పనిచేస్తే ఆమె జీతానికి అక్కడ ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి సామాజిక భద్రత చందా) ఉంటాయి. హైదరాబాద్‌లో మీరు కోసే టీడీఎస్, పీఎఫ్ అక్కడి బాకీని తీర్చవు. పైగా నాన్-రెసిడెంట్‌కు ఇండియా ఖాతాలో జీతం వేస్తే, ఆ డబ్బు ఇక్కడ అందుకున్నట్టయి ఇక్కడ కూడా పన్ను ప్రశ్న లేస్తుంది. రెండు వైపులా కట్టి, ఒప్పందం కింద వెనక్కి అడుక్కునే పని ఆ పిల్ల నెత్తిన పడుతుంది.

కన్సల్టెంట్ దారి. గ్రాడ్యుయేట్ వీసా మీద స్వయం ఉపాధికి వీలుంది, కాబట్టి వీసా అడ్డం కాదు. అడ్డం వచ్చేది అసలు పని తీరు. మీరిచ్చిన లాప్‌టాప్, మీ ఈమెయిల్, పొద్దున్నే మీ మీటింగ్, సెలవు కావాలంటే మీ మేనేజర్ అనుమతి, తన బదులు ఇంకొకరిని పంపే వీలు లేదు, వేరే కంపెనీకి పనిచేయకూడదు. ఇన్ని ఉన్నాక పైన ‘ఇన్‌వాయిస్’ అని రాసినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోదు. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ చూసేది ఇవే. నిజంగా నెలకు పది గంటలు మార్కెట్ సమాచారం సేకరించి ఇచ్చే పనైతే ఇన్‌వాయిస్ చాలు. మీరు రాసినదాన్ని బట్టి అది కాదు.

మీకు మిగిలేవి రెండు మార్గాలు. అక్కడ చిన్న లిమిటెడ్ కంపెనీ పెట్టి, హెచ్‌ఎంఆర్‌సీ దగ్గర పీఏవైఈ పథకంలో, అంటే జీతంలోంచే పన్ను కోసి కట్టే పథకంలో, యజమానిగా నమోదై మీరే జీతం వేయడం ఒకటి. ఇక్కడి నుంచి డబ్బు పెట్టుబడిగా పంపేటప్పుడు మీ బ్యాంకు ద్వారా, విదేశీ పెట్టుబడి వివరాలు తెలిపే ఫారం ఎఫ్‌సీ వెళ్లాలి, అది మరవకండి. రెండోది ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ అనే సంస్థలు. కాగితం మీద వాళ్లు యజమాని, పని మీది, వాళ్లకు నెలనెలా రుసుము. ఒక్క మనిషికి, ఏడాది చూద్దాం అనుకుంటే నేను రెండోదే చెబుతాను. ముగ్గురు దాటితే సొంత కంపెనీ లాభం.

ఖర్చు లెక్క చూడండి. జీతం 36,000 పౌండ్లు. యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ 2025 ఏప్రిల్ నుంచి 15 శాతం, ఏడాదికి 5,000 పౌండ్లు దాటిన భాగం మీద. అంటే 31,000 మీద 4,650. పెన్షన్‌లో యజమాని వాటా కనీసం 3 శాతం, 6,240 పౌండ్లు దాటిన జీతం మీద, దాదాపు 893. మొత్తం మీకు 41,543 పౌండ్లు. సొంత కంపెనీ పెట్టి, ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్‌ అనే యజమానుల రాయితీకి అర్హత తేలితే ఆ 4,650 మాఫీ అయ్యే అవకాశం ఉంది. తేలేదాకా బడ్జెట్‌లో మాత్రం దాన్ని తీసేయకండి. కంపెనీలో జీతం తీసుకునేది ఒక్క డైరెక్టరే అయితే అర్హత ఉండదు, అందుకని ఆ అమ్మాయినే డైరెక్టర్‌గా వేసే తెలివి వద్దు.

ఆమె వైపు చూస్తే 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు. మిగతా 23,430 మీద 20 శాతం పన్ను 4,686, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ 1,874. పెన్షన్ వాటా పోకముందు నెలకు దాదాపు 2,453 పౌండ్లు చేతికి. ఆఫర్ ఇచ్చేటప్పుడు ఈ అంకె కూడా చెప్పండి. మనవాళ్లు 36,000ను రూపాయల్లోకి మార్చి ఇంట్లో చెప్పేస్తారు, మొదటి జీతం చూసి బెంగపడతారు.

చేర్చుకునే ముందు పని హక్కు తనిఖీ చేయాలి. ఆమె ఇచ్చే షేర్ కోడ్‌తో (వీసా వివరాలు చూపించే కోడ్) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసి ఆ పేజీ దాచుకోండి. తనిఖీ లేకుండా అర్హత లేనివారిని పెట్టుకుంటే మొదటిసారికే మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా. గ్రాడ్యుయేట్ వీసా గడువు అయ్యాక ఆమెకు స్పాన్సర్, అంటే వీసాకు పూచీపడే యజమాని కావాలి. స్పాన్సర్ లైసెన్స్ లేని మీరు అప్పుడు ఉంచుకోలేరు, ఈ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పడం మర్యాద. ఉద్యోగ షరతుల కాగితం మొదటి రోజే ఇవ్వాలి. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి ఏడాదికి 28 రోజుల జీతంతో సెలవు, అక్కడి బ్యాంకు సెలవులు అందులో కలిపేయొచ్చు. సంక్రాంతికి మీ ఆఫీసు మూసేసి ఆమెను కూడా సెలవు పెట్టమంటే అది ఆ 28లోంచే పోతుంది, దాని గురించి ముందే మాట్లాడుకోండి. పని ప్రమాదాలకు 50 లక్షల పౌండ్ల యజమాని బాధ్యత బీమా ఉండాలి. ఒక్క మనిషికి కూడా ఉండాలా అంటే ఉండాలి.

జీతం వివరాలు హెచ్‌ఎంఆర్‌సీకి జీతం వేసే రోజుకో, అంతకు ముందో ఆన్‌లైన్‌లో వెళ్లాలి. మన దగ్గరలాగా మూడు నెలలకోసారి రిటర్న్‌లో చూసుకుందాం అనే వీలు లేదు. వాళ్ల పన్ను నెల 6వ తేదీ నుంచి మరుసటి నెల 5 దాకా, డబ్బు 22 లోపల కట్టాలి.

చివరగా అసలు ముల్లు. మీ కంపెనీ తరఫున ఆమె అక్కడి క్లయింట్లతో ధర మాట్లాడి ఒప్పందాలు ఖాయం చేస్తూ పోతే, మీ కంపెనీకే అక్కడ శాశ్వత కార్యస్థానం ఉన్నట్టు పన్నువాళ్లు లెక్కేయొచ్చు. అప్పుడు జీతం మీద పన్నుతో ఆగదు, ఆ వ్యాపార లాభం మీద కూడా పన్ను అడుగుతారు. ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ పెట్టుకున్నా ఈ ప్రమాదం తీరదు. ఆమె పని పరిచయాలు, డెమోలు, సపోర్ట్ వరకా, ఖాయం చేసే అధికారం కూడా ఉందా అన్నది అంతర్జాతీయ పన్నులు తెలిసినవారితో కూర్చుని రాసుకోండి. ఆ ఫీజు దగ్గర పీనాసితనం పనికిరాదు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో గ్రీన్‌కార్డు మీద ఉన్నాను. ఇక్కడి క్లినిక్‌లకు బిల్లింగ్ సర్వీసు చేస్తాను. హనుమకొండలో ఐదుగురిని నెలకు 25,000 నుంచి 40,000 జీతాలకు పెట్టుకున్నా. డబ్బు మా బావమరిది ఖాతాకు పంపిస్తాను, ఆయన వాళ్లకు యూపీఐ చేస్తాడు. ఏమైనా రిజిస్ట్రేషన్లు కావాలా? ఇంకో ఏడాదిలో పాతిక మంది అవుతారు.

జవాబు: బావమరిది మీద నమ్మకం ఉండటం మంచిదే. పన్నుశాఖకు ఆయన ఎవరో తెలియదు కదా. ఏడాదికి లక్షల రూపాయలు అమెరికా నుంచి ఆయన ఖాతాలోకి, అదీ డబ్బు దేనికో బ్యాంకుకు చెప్పే పర్పస్ కోడ్‌లో బహుశా ‘కుటుంబ పోషణ’ కింద వస్తున్నాయి. అది వ్యాపార డబ్బు. రేపు ఎవరైనా అడిగితే ఆయన ఆదాయం కాదని నిరూపించుకునే బాధ ఆయనది. ఐదుగురు ఉద్యోగుల పరిస్థితి అంతకంటే ఘోరం. ఇంటిలోనుకు వెళ్తే జీతం స్లిప్పు లేదు, ఫారం 16 లేదు. వాళ్ల యజమాని ఎవరో వాళ్లకే తెలియదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టండి. ఇద్దరు డైరెక్టర్లు, అందులో ఒకరు ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు ఇండియాలో ఉన్నవారు కావాలి. బావమరిది నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మీ పనికి విదేశీ పెట్టుబడి నూరు శాతం ఆటోమేటిక్ మార్గంలో రావచ్చు. షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకు, విదేశీ పెట్టుబడి వచ్చిందని తెలిపే ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వెళ్లాలి. ఆ కంపెనీ మీ అమెరికా వ్యాపారానికి బిల్లు వేస్తుంది, ఖర్చు మీద న్యాయమైన లాభం కలిపి. రెండు కంపెనీలూ మీవే కాబట్టి ఆ ధర సబబేనని చూపించే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ కాగితాలు ఇక్కడ, విదేశీ కంపెనీ వివరాలిచ్చే ఫారం 5471 అక్కడ. రెండోది మరిస్తే జరిమానా 10,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది.

ఉద్యోగుల వైపు ఐదుగురికి చట్టం చాలా తేలిక. షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, నియామక పత్రం, వృత్తి పన్ను. తెలంగాణలో నెలకు 15,000 దాటితే 150, 20,000 దాటితే 200 రూపాయలు. కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు కాబట్టి మీవాళ్లెవరికీ టీడీఎస్ రాదు. జనవరిలో అద్దె రసీదుల కోసం ఉద్యోగుల వెంటపడే గోల కూడా దాదాపు పోయింది, నాలాంటివాళ్లకు ప్రాణం లేచొచ్చింది.

పది మందికి చేరగానే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా వస్తుంది. నెలకు 21,000 లోపు జీతాలకు వర్తిస్తుంది, మీది 3.25 శాతం, వాళ్లది 0.75. గ్రాట్యుటీ, 26 వారాల ప్రసూతి సెలవు కూడా పది దగ్గరే మొదలు. బిల్లింగ్ ఆఫీసుల్లో ఆడపిల్లలే ఎక్కువ ఉంటారు కాబట్టి ఆ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకోండి, ఆ సమయానికి ఉద్యోగం మాన్పించే ఆలోచన చేయకండి, చట్టం ఒప్పుకోదు. ఇరవైకి చేరితే పీఎఫ్. ఇద్దరూ 12 శాతం, చట్టపరమైన పరిమితి 15,000 జీతం మీద, అంటే మీ వాటా 1,800 రూపాయలు. పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ మరుసటి నెల 15లోగా కట్టాలి. ఉద్యోగి దగ్గర కోసి కట్టకుండా ఉంచుకోవడం అన్నిటికంటే చెడ్డ పని, కేసులు దాని మీదే వస్తాయి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. మీకు తగిలే మార్పులు రెండు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్క కడతారు. బేసిక్‌ను చిన్నగా ఉంచే పాత ఎత్తు ఇక్కడ చెల్లదు. ఇంకొకటి, మానేసిన ఉద్యోగి వేతనం లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. న్యూజెర్సీలో మీరు శుక్రవారం సాయంత్రం మెయిల్ చూసుకునేసరికి ఇక్కడ శనివారం. ఆ అధికారం ఇక్కడున్న మనిషి చేతికి ఇవ్వండి.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. మాకు పిన్ని వరస అయ్యే ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చి మా బాబును చూసుకుంటున్నారు. వారానికి 300 డాలర్లు ఇస్తున్నాం. దీనికి కూడా పేరోల్ కావాలా?

జవాబు: పేరోల్ దాకా పోనక్కర్లేదు, ముందు ఆ జీతం ఆపండి. విజిటర్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. సొంత అమ్మమ్మ వచ్చి మనవడిని ఎత్తుకోవడం వేరు, వారానికింత అని లెక్కగట్టి పెట్టుకోవడం వేరు. దొరికితే ఆవిడ వీసా పోతుంది, మళ్లీ రావడం కష్టమవుతుంది.

పని చేసే అనుమతి ఉన్న మనిషిని పెట్టుకుంటే అప్పుడు పేరోల్ కావాలి. ఇంట్లో పనిచేసేవారికి ఇచ్చింది 2025లో 2,800 డాలర్లకు చేరితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెన్షన్, వైద్య బీమా పన్నులు) వర్తిస్తాయి, ఈ హద్దు ఏటా మారుతుంది. మీది 7.65 శాతం, వారిది 7.65. వారానికి 300 చొప్పున ఏడాదికి 15,600 డాలర్లు, మీ వాటా దాదాపు 1,193. చేరిన మూడు పనిదినాల్లో పని అనుమతి సరిచూసే ఐ-9 ఫారం పూర్తి కావాలి, జనవరి 31లోగా ఏడాది జీతం, పన్నుల వివరాలుండే డబ్ల్యూ-2 చేతికివ్వాలి, మీ పన్ను రిటర్న్‌తో ఇంటి పనివారి పన్నులు చూపే షెడ్యూల్ హెచ్ జతచేయాలి. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లే కాబట్టి 300 డాలర్లకు వారానికి 41 గంటలకు మించి సరిపోదు. 40 దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, మీ ఇంట్లోనే బస చేసే మనిషైతే ఫెడరల్ చట్టంలో ఆ అదనపు రేటు ఉండదు గాని కనీస వేతనం మాత్రం ప్రతి గంటకూ ఉంటుంది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా బాబును అప్పగించేసి వెళ్తున్నారంటే, ఐదు రోజులకు 55 గంటలు. ఆ గంటలను రాసుకోవడం మొదటి వారం నుంచే మొదలుపెట్టండి.